కొన్నవాడికే తాళం

కర్నూలు కొండారెడ్డి బురుజు పక్క సందుల్లోనైనా, కడప ఏడురోడ్ల దగ్గరైనా పాత డీటీపీ షాపులో విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు కనబడితే నేను ఆశ్చర్యపోను. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న సపోర్టు ఆపేసింది. నాకు తెలిసిన ఆపరేటరు ఒకడు దానికి నెట్టు పెట్టడు, పరాయి పెన్‌డ్రైవు తగిలించనీయడు. మార్చరాదా అంటే, “నడిచేదాన్ని ఎందుకు కదిలించేదన్నా? కదిలిస్తే పెండ్లిపత్రికలన్నీ పోతాయి” అంటాడు.

ఇది పిసినారితనం కాదు. ఆ షాపు పనంతా పేజ్‌మేకర్ 7లో, ‘అను’ ఫాంట్లలో ఉంది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, 7 తర్వాత కొత్తది రాలేదు. ఆ కాలపు తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మల్ని కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే పెండ్లికూతురి పేరుకు బదులు అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి.

ఇక డాంగిల్ అనే తాళంచెవి పరికరం. అప్పటి భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఇది ఉండేది. కంప్యూటరు వెనక ప్యారలల్ పోర్టుకు తగిలిస్తేనే ప్రోగ్రాం కదిలేది. ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ డాంగిల్ ఉన్నా, దాని పాత 32 బిట్ డ్రైవరును 64 బిట్ విండోస్ ఎక్కించుకోదు. క్రాక్ చేసిన సీడీ తెచ్చుకున్నవాడికి ఈ తిప్పలేవీ లేవు. (అలాంటి షాపులెన్నని అడగొద్దు.) బిల్లు కట్టి కొన్నవాడే ఇరుక్కున్నాడు. పైరసీని ఆపాలని పెట్టిన తాళం నిజాయితీపరుణ్ణే ఇంత పట్టి ఉంచితే, తప్పు తాళానిదే అంటాను.

కంప్యూటరుతో పాటు వచ్చే ఓఈఎం విండోస్ లైసెన్సూ అంతే, ఆ యంత్రాన్ని దాటదు. మైక్రోసాఫ్టే ఒకసారి మంచి దారి చూపింది. విండోస్ 7 ప్రొఫెషనల్ కొన్నవాళ్లకు దాని లోపలే లైసెన్సుతో సహా ఎక్స్‌పీని నడుపుకొనే ‘ఎక్స్‌పీ మోడ్’ ఇచ్చింది. విండోస్ 8కి వచ్చేసరికి అదీ తీసేసింది.

తాళం లేని దారి మనకు కొత్తకాదు. కడపలో ఉన్నప్పుడు సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి తాళపత్రాలకు ప్రతులు రాయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ప్రతి తీయడానికి తాటాకు ఎవరి అనుమతీ అడగలేదు. ఈనాటి వేమన2000 ఫాంటూ అంతే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన ఆ ఫాంటు జీపీఎల్ లైసెన్సు కింద ఉంది, ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. మండలి, సురవరం, రామభద్ర ఫాంట్లదీ స్వేచ్ఛా లైసెన్సే. లినక్సులో ఇవన్నీ పనిచేస్తాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కీ మామూలు సపోర్టు ఆగింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది కాబట్టి బాగా నడిచే యంత్రాలు ఇంకొన్ని ‘పాతవి’ అయిపోయాయి.

ఎప్పటికైనా పాత ఫైళ్లను యూనికోడులోకి మార్చక తప్పదు. కన్వర్టర్లు ఉన్నాయిగానీ ఒత్తులు అటూ ఇటూ పడతాయి, ప్రతి పేజీ మళ్లీ ప్రూఫు చూడాలి. గోత్రమో ఊరిపేరో తప్పితే మాటపడేది ఆపరేటరే. పేజీకి ఇంతని ధర కట్టి ఈ పని చేసిపెట్టేవాళ్లు మా వైపు నాకింకా తగల్లేదు. ఎవరైనా ఉంటే చెప్పండి, వెంటనే పని ఇచ్చే షాపులు రెండు చూపిస్తాను.