వరూధిని శరీరధర్మము

దేవతాశరీరమునకు ఱెప్పపాటు లేదు, చెమట లేదు. నలోపాఖ్యానమున దమయంతి యీ గుఱుతులచేతనే దేవతల నడుమ నలుని గుర్తించెను. 16వ శతాబ్దమున పెద్దన మనుచరిత్రమునం దీ లక్షణములనే తాఱుమాఱు చేసెను. ప్రవరునిఁ జూచిన వరూధినికి ఱెప్పపాటు గలిగెను, మేనఁ జెమట పొడమెను, తెలివి మోహమున మునిఁగెను. భ్రమరమును దలఁచి కీటకము భ్రమరమైనట్లు, మనుష్యుని భావించి యామె మానుషి యయ్యెనని కవి సమర్థించెను.

దీనిని వర్ణనామాత్రముగా నెంచువారితో మే మేకీభవింపఁజాలము. కథకు కీలక మిదియే. తెలివి తొలఁగుటచేతనే, ప్రవరరూపమున వచ్చిన గంధర్వుని వరూధిని గుర్తింపలేకపోయెను. దమయంతిని కాపాడిన వివేక మామెకు మిగులలేదు. ఆ వంచనవలన స్వరోచి పుట్టెను. అతని కుమారుఁడే స్వారోచిషమనువు. కావున నీ మనువు పుట్టుకకు మూలము దేవతామహిమ కాదు, దేవత మానుషి యగుటయే యని మా యభిప్రాయము.