మైకు ఒకచోట, కాలు ఒకచోట

మార్కాపురంలో సగం అద్దెకు కల్యాణ మండపం కావాలంటే ముహూర్తాలు లేని నెల చూసుకోవాలి. నేను చూసిన జైపూర్ కృత్రిమ కాళ్ల శిబిరం అందుకే ఆషాఢంలో జరిగింది. పెళ్లికొడుకు కూర్చునే సింహాసనాన్ని గోడ వైపు తిప్పి, దాని వెనక ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బస్తాలు పేర్చారు. భోజనాల హాల్లో బల్లల మీద మనుషుల్ని కూర్చోబెట్టి, తెగిన కాళ్లకు తడి కట్లు చుట్టి అచ్చులు తీస్తున్నారు. పెరట్లో, గాడిపొయ్యిలు ఉండే చోట, ఓవెన్‌లో నల్లటి పైపు ముక్కలు కాలుతున్నాయి. సాంబారు వాసన, కాలిన ప్లాస్టిక్ వాసన కలిసిపోయాయి.

దీని పక్కన ఇంకో సభను పెట్టి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. 2010 ఏప్రిల్ 24న లండన్‌లోని కాన్వే హాల్లో ‘హ్యుమానిటీ ప్లస్’ వాళ్లు ఒక రోజు సభ పెట్టారు. సాంకేతికతతో మనిషి తన హద్దులు దాటడం ఎలా అన్నది విషయం. వక్తల్లో ముసలితనాన్నే జబ్బుగా చూసే ఆబ్రే డి గ్రే ఉన్నారు, తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ ఉన్నారు. అంతకు కొద్ది రోజుల ముందే ఐస్‌లాండ్ అగ్నిపర్వతం చిమ్మిన బూడిదతో ఐరోపా మీద విమానాలు నిలిచిపోయాయి. ఒంటి హద్దులు దాటే మాటలు చెప్పుకోవాలన్నా ముందు ఆ ఒళ్లు విమానమెక్కి రావాలి కదా!

రెండు సభలనూ నడిపింది జీతంలేని మనుషులే. రెండుచోట్లా విషయం మనిషి ఒంటికి యంత్రం తోడవడమే. పోలిక అంతవరకే అని చాలామంది అంటారు. నేనలా అనుకోవడం లేదు.

లండన్ సభకు వంశవృక్షం ఉంది. ‘ట్రాన్స్‌హ్యూమనిజం’ అనే మాటను జూలియన్ హక్స్‌లీ 1957లో ఒక వ్యాసానికి పేరుగా పెట్టాడు. 1998లో బోస్ట్రమ్, డేవిడ్ పియర్స్ కలిసి ప్రపంచ ట్రాన్స్‌హ్యూమనిస్టు సంఘాన్ని మొదలుపెట్టారు. అదే పదేళ్ల తర్వాత హ్యుమానిటీ ప్లస్‌గా పేరు మార్చుకుంది. ఇలాంటి సభల్లో కార్యకర్తల పని హాలు మాట్లాడటం, వక్తల్ని ఒప్పించడం, గడియారం చూసి వాళ్ల ప్రసంగం ఆపించడం. ఈ చివరిది తేలిక పనేమీ కాదు. మన సాహిత్య సభలు నడిపినవాళ్లకు దాని కష్టం తెలుసు.

శిబిరంలో కార్యకర్తల పని పదిహేను రోజుల ముందు ఫోన్లతో మొదలవుతుంది. గిద్దలూరు, కొమరోలు, కంభం, అర్ధవీడు, ఎర్రగొండపాలెం, పెద్దదోర్నాల, పొదిలి, కనిగిరి - ఎవరికి కాలు లేదు, మోకాలి కిందా పైనా, వైకల్యం చూపే సదరం సర్టిఫికెట్ ఉందా అని అడిగి రాసుకోవాలి. కాలు లేని మనిషి ఒక్కడే బస్సెక్కలేడు. వెంట కొడుకో భార్యో రావాలి. అంటే ఇంకొకరి కూలి పోతుంది. శిబిరానికి పేరిచ్చి రానివాళ్లలో సగం మంది ఆ రెండో కూలి దగ్గరే ఆగిపోతారని నా అనుమానం. ఆ లెక్క ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

ఇక ఆ కాలి సంగతి. కొంచెం నిలిచి చెప్పుకోవాల్సిన సంగతి ఇది. జైపూర్‌లో 1968 ప్రాంతంలో శస్త్రవైద్యుడు ప్రమోద్ కరణ్ సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి దీన్ని తయారు చేశారు. శర్మ పెద్దగా చదువుకున్నవాడు కాదు, చేతిపనివాడు. అప్పటికి దొరికే పాశ్చాత్య కృత్రిమ పాదం బూటు తొడుక్కునేవాడి కోసం పుట్టింది. మడమ వంగదు. గొంతుక్కూర్చోలేరు, బాసిపెట్టు వేసుకుని అన్నానికి కూర్చోలేరు, దమ్ము చేసిన మళ్లో దిగలేరు. అలాంటి కాళ్లను ఇళ్లకు తీసుకుపోయిన రైతులు వాటిని మూలన పెట్టి మళ్లీ కర్ర పట్టుకున్నారు. ఎందుకు పెట్టారని సేథీ, శర్మ కనుక్కున్నారు. లారీ టైర్లకు రీట్రెడ్ చేసే పద్ధతిలోనే రబ్బరును కాల్చి, పాదం ఆకారంలో, వేళ్లతో సహా అచ్చుపోశారు. చెప్పుల్లేకుండా నడవొచ్చు, తడవొచ్చు, మడమ తిరుగుతుంది. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీన్ని ఉచితంగా ఊరూరా చేర్చింది. పిక్క భాగానికి, తొడుగుకు వాడేది హెచ్‌డీపీఈ పైపు. వేడి చేసి, మెత్తబడ్డాక అచ్చు మీదికి లాగుతారు.

అదే రకం నల్ల పైపు మా ప్రాంతంలో ప్రతి బోరులోకీ దిగి ఉంటుంది.

లండన్ సభల్లో మనిషీ యంత్రమూ ఒకటయ్యే రోజు గురించి భవిష్యత్ కాలంలో మాట్లాడతారు. మా మార్కాపురం ప్రాంతంలో దాన్ని భూతకాలంలో చెప్పాలి. భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి ప్రకటించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ పల్లెలు తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ప్రమాదమంటారు. అప్పట్లో అది చేదబావుల నీళ్లలోనే ఉంది. తర్వాత వానలు తగ్గి బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతిలో ఎక్కువసేపు నిలిచిన నీరు పైకొచ్చింది. ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ వచ్చి కుదురుకుంటుంది. ఎముక బరువెక్కుతుంది, కీళ్లు బిగుస్తాయి, నడుం వంగిపోతుంది. దాన్ని మళ్లీ బయటికి తీసే మందు లేదు. బోరు యంత్రానికీ ఎముకకూ ఇంతకంటే గట్టి కలయిక ఏ ప్రయోగశాలలోనూ ఊహించలేరు. దీనికి ఎవరి సమ్మతీ అడగలేదు, సభా పెట్టలేదు.

మార్కాపురం పలక కూడా ఈ లెక్కలోదే. తెలుగు పిల్లల అక్షరాలకు చేతిలో ఇమిడిన మొదటి పరికరం అది. రాయి కోసే చోట లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీల్చినవాడి ఊపిరితిత్తులు దానివల్ల గట్టిపడతాయి.

కెవిన్ వార్విక్ అనే బ్రిటిష్ ప్రొఫెసర్ 1998లో చేతి చర్మం కింద చిప్ పెట్టించుకున్నాడు. ఆయన దగ్గరికి వస్తే విశ్వవిద్యాలయంలో తలుపులు తెరుచుకునేవి, దీపాలు వెలిగేవి. ప్రపంచమంతా రాసింది. రేషన్ మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడక, రాళ్లు మోసి గీతలు అరిగిన చేతిని చీరకు తుడుచుకుని మళ్లీ పెట్టే ఆడమనిషి కూడా యంత్రంతో మాట్లాడే ప్రయత్నంలోనే ఉంది. తలుపు తెరుచుకోని ప్రయోగం గురించి ఎవరూ వ్యాసం రాయరు.

ఇక్కడిదాకా చదివి, నేను కల్యాణ మండపం పక్షాన నిలబడ్డానని అనుకుంటారేమో. తొందరపడకండి. కాన్వే హాల్లో ఉన్నది, మండపంలో లేనిది ఒకటుంది. ప్రశ్న. బోస్ట్రమ్ సాంకేతికతను పొగిడి ఊరుకునే మనిషి కాదు, అది మానవజాతినే తుడిచిపెట్టే ప్రమాదం గురించి ఏళ్లుగా రాస్తున్నవాడు. అలాంటి సభల్లో ప్రసంగం అవగానే ఎవరో ఒకరు లేచి ‘ఇది ఎవరికి దక్కుతుంది’ అనో, ‘నాకొద్దు’ అనో అంటారు. వచ్చినవాడు శ్రోత. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు కాబట్టి అడ్డంగా మాట్లాడగలడు.

శిబిరానికి వచ్చినవాడు లబ్ధిదారుడు. ఈ మాట ఎవరు కనిపెట్టారోగానీ అది నోటికి వేసిన తాళం. ఉచితంగా పుచ్చుకున్నవాడు ప్రశ్న వేస్తే కృతజ్ఞత లేనివాడవుతాడు. నేను చూసిన రోజున వేదిక మీద అతిథులు సేవ గురించి, తమ గురించి, మళ్లీ సేవ గురించి గంటకు పైగా మాట్లాడారు. కొత్త కాళ్లను శాలువాల పక్కన వరసగా నిలబెట్టారు. ముందు వరసలో కూర్చున్న నలభై మందిలో ఒక్కరికీ మైకు అందలేదు. జైపూర్ కాలు పుట్టిందే వాడేవాడి ఫిర్యాదు నుంచి. దాన్ని పంచే సభలోనే ఫిర్యాదుకు చోటు లేకుండా పోయింది. లండన్‌లో మాటలకు ఒళ్లు లేదు, ఇక్కడ ఒంటికి మాట లేదు. ఈ రెండో లోపమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఎందుకంటే కాన్వే హాల్లో తప్పు మాట్లాడితే ఎవరికీ పుండు పడదు.

పుండు మాట ఊరికే అనలేదు. తెగిన కాలు నెలలు గడిచేకొద్దీ సన్నబడుతుంది. అప్పుడు బిగుతుగా ఉన్న తొడుగు వదులవుతుంది. నడిచినప్పుడల్లా ఒరుసుకుని తోలు లేస్తుంది. దాన్ని సరిచేయించుకోవాలి. అప్పటికి శిబిరం వెళ్లిపోయి ఉంటుంది. కార్యకర్త ఫోన్ నంబరు చీటీ మీద ఉంటుంది, అతనేమో తన కిరాణా కొట్లో ఉంటాడు.

మన సినిమాలో మాటకూ ఒంటికీ మధ్య ఉన్న ఈ తేడా గమనించిన మనిషి సింగీతం శ్రీనివాసరావు అనుకుంటాను. ఆయన 1991లో తీసిన ‘ఆదిత్య 369’ని మన సైన్స్ ఫిక్షన్ అంటాం. నన్నడిగితే 1985 నాటి ‘మయూరి’నే ముందు ఆ కోవలో చేర్చాలి. ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ పాదంతో మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించింది. యంత్రం ఒంటిలో భాగమవడమంటే ఏమిటో ‘ఆదిత్య 369’లోని కాలయంత్రం కంటే ఆ పాదమే ఎక్కువ చెప్పింది. అక్కడ కాలు ధరించిన మనిషే కథ చెబుతుంది మరి.

మార్కాపురంలో ‘మనిషి - యంత్రం’ అని ఒక సభ పెట్టాలని మిత్రులు కొందరు అప్పుడప్పుడూ ఉత్సాహపడుతుంటారు. హైదరాబాదు నుంచి ఎవర్ని పిలవాలి, కృత్రిమ మేధ మీద ఎవరు మాట్లాడతారు అని జాబితా రాస్తారు. ఆ జాబితాలో కాలు పెట్టుకున్న మనిషి, నడుం వంగిన మనిషి, పలకల ఫ్యాక్టరీలో దగ్గు తెచ్చుకున్న మనిషి కనబడరు. వక్తల్ని కింద కూర్చోబెట్టి వీళ్లను పైన కూర్చోబెట్టమన్నాను. ‘వాళ్లేం మాట్లాడతారు సార్’ అన్నాడొకాయన, చెడ్డ ఉద్దేశంతో కాదు.

మరుసటి ఏడు శిబిరానికి కొమరోలు వైపు నుంచి ఒక గొర్రెలకాపరి వచ్చాడు. పోయినేడు ఇచ్చిన కాలిని ఎరువుల సంచిలో పెట్టుకుని వచ్చాడు, తొడుక్కుని కాదు. బల్ల దగ్గరున్న కాలేజీ కుర్రవాడికి సంచి విప్పి చూపించాడు.

“కాలు మంచిదే నాయనా. కొండెక్కేటప్పుడు ఏం లేదు. దిగేటప్పుడు లోపల జారతది, ఈడ కొట్టుకుంటది. కొంచెం ఈ పక్క బిగిస్తే సాలు, కొత్తది వద్దు.”

కుర్రవాడు విన్నాడు, తలూపాడు. ఫారంలో మరమ్మతుకు గడి లేదు. ‘కొత్త కేసు’ అని టిక్కు పెట్టి, కొలతల వరసలో ఆయన్ను చివర నిలబెట్టాడు.