47 కిలోల సిద్ధాంతం: ఒక విమర్శ

బాలిక రజస్వల కావడానికి వయస్సుకంటె దేహభారమే ముఖ్యమన్న వాదాన్ని 1970లో రోజ్ ఫ్రిష్, రోజర్ రెవెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ‘సైన్స్’ పత్రికలో వెల్లడించినారు. చిన్ననాటినుండి ఎత్తు, బరువు కొలుస్తూ వచ్చిన 181 మంది బాలికల లెక్కలను వారు పరిశీలించినారు. ముందుగా రజస్వలలైనవారికీ, ఆలస్యంగా అయినవారికీ ఎత్తులో భేదం ఉన్నది. బరువు సగటు మాత్రం అందరికీ సుమారు 47 కిలోలే. కాబట్టి ఆ బరువే దేహానికి సంకేతమని వారు ఊహించినారు. తరువాత ఫ్రిష్ బరువుకు బదులు కొవ్వు పాలును ముందుకు తెచ్చినారు.

ఈ వాదంలో మెచ్చదగిన అంశం లేకపోలేదు. పోషణకూ యౌవనానికీ గల సంబంధాన్ని ఇది అందరి దృష్టికీ తెచ్చింది. తిండి చాలని బాలికలూ, చిన్ననాటినుండి కఠినమైన వ్యాయామం చేసేవారూ ఆలస్యంగా రజస్వలలు కావడం నిజమే.

లోపమెల్లా సగటును హద్దుగా భావించడంలో ఉన్నది. ఒక బాలిక 40 కిలోలవద్ద, మరొకతె 54 కిలోలవద్ద రజస్వల అయితే సగటు 47 అవుతుంది. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరూ 47 కిలోలవద్ద రజస్వల కాలేదు! లెక్కలో సరిపోయిన సంఖ్య దేహంలో కారణం కానక్కరలేదు.

1994లో కొవ్వు కణాలు స్రవించే లెప్టిన్ అనే హార్మోను బయటపడగానే ఫ్రిష్ వాదానికి బలం చేకూరినట్లు కనిపించింది. పుట్టుకతోనే లెప్టిన్ లోపించినవారికి యౌవనం సక్రమంగా రాదు. అయితే అటువంటి చిన్నపిల్లలకు దానిని మందుగా ఇచ్చినా యౌవనం ముందుగా రాలేదు. అంటే లెప్టిన్ తలుపు గడియ తీస్తుందే గాని లోనికి నెట్టదు.

ఇదే జాగ్రత్త మధుమేహం విషయంలోనూ అవసరం. ఐరోపాలోని ఎనిమిది దేశాల స్త్రీలపై జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో, 12 ఏళ్ళలోపు రజస్వలలైనవారికి తరువాతి జీవితంలో రెండవ రకపు మధుమేహం ఎక్కువగా వచ్చినట్లు తేలింది. పెద్దయిన తరువాతి బరువును లెక్కలోనికి తీసుకొన్నప్పుడు ఆ సంబంధం తగ్గింది, పూర్తిగా పోలేదు. బాల్యంలో పెరిగిన బరువు రజస్వలాకాలాన్ని ముందుకు జరపగలదు. అదే బరువు నిలిచిపోతే మధుమేహానికీ దారితీయగలదు. పొగ కనిపించినప్పుడు నిప్పును వెదకాలి గాని పొగనే నిప్పు అనరాదు.

కనుక పదకొండవ ఏట రజస్వల అయిన బాలికకు రోగం రాసిపెట్టి ఉన్నదని తల్లి బెంగపడనక్కరలేదు. ఆ ఘడియను వాయిదా వేయడానికి ఎదిగే పిల్లకు తిండి తగ్గించడం అంతకంటె పెద్ద పొరపాటు. ఎముకలూ, రక్తమూ బలపడవలసిన కాలమది. బడిలో ఏటేటా ఎత్తు, బరువు కొలిచి వ్రాసి ఉంచినట్లయితే, ఆ వరుస ఏ ఒక్క సంఖ్యకంటెనూ ఎక్కువ చెబుతుంది.