బతుకు మనది, మాట ఎవరిది?

గిరిజనుల మీద వచ్చిన పుస్తకాలంటే మనలో చాలామందికి జంకు. ఇంగ్లీషు భాష, లావుపాటి పుస్తకం, అర్థంకాని మాటలు. మేమూ చాలాకాలం వాటి జోలికి పోలేదు. ఈమధ్య పట్టుబట్టి చదివినవాటిలో నాలుగింటి గురించి చెబుతాం.

మొదటిది హైమన్‌డార్ఫ్ రాసిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' (1982). ఆదిలాబాద్ గోండులకు ఈ పేరు కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము అమరుడయ్యాక, గిరిజనుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మనిషి ఆయనే. మార్లవాయిలో ఉండి గోండి బడుల కోసం, భూమి పట్టాల కోసం పాటుపడ్డాడు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత అవే ప్రాంతాలకు తిరిగివెళ్లి, ఏం మారిందో చూసి రాశాడు. ఈ పుస్తకానికి విలువ అక్కడే ఉంది. చేతికొచ్చిన భూమి మళ్లీ పైవాళ్ల పాలైన తీరు చదువుతుంటే మా ఊళ్ల సంగతే అనిపించింది. అయితే ఇందులో మనం ఎక్కువగా 'గోండులు', 'చెంచులు' అని గుంపుగానే కనిపిస్తాం. పేరుతో గుర్తుండిపోయే మనిషి తక్కువ.

రెండోది హైమన్‌డార్ఫ్ మిత్రుడు వెరియర్ ఎల్విన్ ఆత్మకథ. 1964లో, ఆయన చనిపోయిన ఏడాదే వచ్చింది. మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ అవార్డు పొందింది. మతప్రచారానికి వచ్చిన ఇంగ్లీషు మనిషి చర్చిని వదిలి, మైకల్ కొండల్లో గోండుల మధ్య బతికాడు. బైగాల పోడు హక్కు కోసం వాదించాడు. చదివిస్తుంది, నవ్విస్తుంది కూడా. కానీ 1940లో ఆయన పెళ్లాడిన గోండు అమ్మాయి కోసి ఇందులో దాదాపు లేదు. ఇద్దరు కొడుకులు పుట్టారు, 1949లో విడాకులయ్యాయి. మురియాల గోతుల్ గురించి పెద్ద గ్రంథమే రాసిన మనిషి, సొంత ఇంటి గోండు మనిషి దగ్గరికి వచ్చేసరికి బాధాకరమైన విషయమంటూ కొద్ది మాటల్లో దాటేశాడు. ఆయన బాధ నిజమే కావచ్చు. మరి ఆమె బాధ?

ఆ లోటును కొంత తీర్చింది రామచంద్ర గుహ రాసిన ఎల్విన్ జీవితచరిత్ర 'సావేజింగ్ ద సివిలైజ్డ్' (1999). ఎల్విన్ మీద గౌరవం తగ్గకుండానే ఆ పెళ్లి గురించి దాచకుండా రాశాడు. జీవితచరిత్ర అంటే పొగడ్త కాదని మన విద్యార్థులకు చూపించడానికి ఇది మంచి పుస్తకం. అయినా ఇది ఎల్విన్ కథే. కోసి కథ కాదు.

చివరిది సి.కె. జాను జీవితకథ 'మదర్ ఫారెస్ట్' (2004). కేరళలోని వయనాడ్‌లో అడియ తెగలో పుట్టిన జాను చెబుతుంటే భాస్కరన్ మలయాళంలో రాశారు. దానికి ఇంగ్లీషు అనువాదం ఇది. చిన్న పుస్తకం. ఆకలి, అడవి, ఇతరుల పొలాల్లో కూలి, అక్షరాస్యత తరగతుల్లో నేర్చిన చదువు, పార్టీలో చేరి బయటికి రావడం, భూమి పోరాటం అన్నీ ఆమె మాటల్లోనే. మిగతా మూడు పుస్తకాల్లో మాకు దొరకనిది ఇక్కడ దొరికింది. తెలిసినామె పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. ఐతే ఆమె సొంత భాష రెండు భాషలు దాటి మా దగ్గరికొచ్చింది. దారిలో ఏం జారిపోయిందో ఆమెకే తెలియాలి.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. ఈ పుస్తకాలు పిల్లలకు చెప్పండి. చెప్పి అక్కడితో ఆపకండి. ఊళ్లో పెద్దవాళ్లలో ఒకరి దగ్గరికి పిల్లల్ని పంపి, బతుకు కథ రాయించండి. చెప్పినవారి పేరు ముందు రాయమనండి, ఏ భాషలో చెప్పారో రాయమనండి. రాశాక వాళ్లకే చదివి వినిపించమనండి. "ఇది నేను చెప్పిందే" అని వాళ్లు ఒప్పుకున్నాకే అచ్చుకు పంపండి.