హెడర్ పోతే అంతా పోయినట్టే

లినక్స్‌లో లక్స్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసిన హార్డ్‌డిస్క్‌ని విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే, ఇది వాడాలంటే ఫార్మాట్ చేయాలి అంటుంది. తొందరలో సరే నొక్కేసినవాళ్లు కూడా, పాస్‌వర్డ్ గుర్తుంది కదా, డేటా రికవరీ వాళ్లు తీసిస్తారులే అని ధీమాగా ఉంటారు. ఆ ధీమాకి ఆధారం లేదు. ఫైళ్లకి అసలు తాళం మన పాస్‌వర్డ్ కాదు, కంప్యూటర్ పుట్టించిన మాస్టర్ కీ. ఆ కీని బయటికి తీయడం వరకే పాస్‌వర్డ్ పని. కీ ఉండేదేమో డిస్క్ మొదట్లోని హెడర్‌లో, ఫార్మాట్ చెరిపేసేదీ ఆ చోటునే. లక్స్ కొత్త వెర్షన్ లక్స్2లో ఆ హెడర్ మామూలుగా 16 ఎంబీలే. మిగతా డిస్క్ దెబ్బతింటే నష్టం దెబ్బ తగిలినచోటే ఆగుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎక్స్‌టీఎస్ విధానంలో ఒక బిట్ మారితే చెడేది 16 బైట్లు. ఒక పాస్‌వర్డ్‌కి సంబంధించిన కీ ఉన్నచోట ఒక్క బిట్ మారినా ఆ పాస్‌వర్డ్ ఇక పనిచేయదు.

ఈ సున్నితత్వం లోపం కాదు, కావాలని పెట్టింది. లక్స్‌ని రూపొందించిన క్లెమెన్స్ ఫ్రువిర్త్ 64 బైట్ల కీని 4000 ముక్కలుగా, రెండున్నర లక్షల బైట్లకి పైగా పరిచే ఏర్పాటు చేశారు. అన్నీ ఉంటేనే కీ వస్తుంది. చెరిపేశామనుకున్న సెక్టార్ల పాత నకళ్లు డిస్క్‌లో ఎక్కడో మిగిలిపోతుంటాయి కాబట్టి, యజమాని కీని నాశనం చేయదలిస్తే ఏ ఒక్క ముక్క పోయినా చాలాలన్నది ఉద్దేశం. కావాలని చెరిపినా పొరపాటున చెరిగినా డిస్క్‌కి తేడా తెలియదు. లక్స్2 హెడర్‌లోని వివరాలకి రెండు కాపీలున్నాయి గానీ, కీ ముక్కలకి ఒక్కటే. వెరాక్రిప్ట్ అనే మరో ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ తన హెడర్ నకలుని వాల్యూమ్ చివర కూడా ఉంచుతుంది. నాకు అదే మెరుగైన ఆలోచన అనిపిస్తుంది.

అందుకే ఎన్‌క్రిప్ట్ చేసిన రోజే లక్స్‌ని నడిపే క్రిప్ట్‌సెటప్ ప్రోగ్రామ్‌తో హెడర్ బ్యాకప్ తీసి వేరేచోట దాచాలంటాను. నకలు బయట ఉంటే భద్రత తగ్గదా అంటారు. కొంత తగ్గుతుంది. తర్వాత పాస్‌వర్డ్ మార్చినా పాత నకలు పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ బయటపడిందన్న అనుమానం వస్తే నకలుని చెరిపేస్తే చాలదు, డిస్క్‌నే కొత్త కీతో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయాలి. అంతవరకూ పాస్‌వర్డ్ గట్టిదైతే, నకలు దొరికినవాడికి డిస్క్ దొరికినవాడికంటే ఎక్కువేమీ దక్కదు. ఫైళ్లకే బ్యాకప్ ఉంటే ఇదంతా దేనికన్నది ఇంకో ప్రశ్న. ఫైళ్ల బ్యాకప్పే ముఖ్యం, సందేహం లేదు. కానీ ఆ బ్యాకప్ డిస్క్‌నీ ఎన్‌క్రిప్ట్ చేసే ఉంటారు. దానికీ ఒక హెడర్ ఉంటుంది.

ప్రమాదం జరిగాక మొదట చేయాల్సింది చేతులు కట్టేసుకోవడం. వాల్యూమ్ ఇంకా తెరిచే ఉంటే కీ కంప్యూటర్ మెమరీలో బతికే ఉంటుంది. ఆపొద్దు, రీస్టార్ట్ చేయొద్దు, ముందు ఫైళ్లు వేరే డిస్క్‌కి ఎక్కించుకోవాలి. మూసేసి ఉంటే, డీడీరెస్క్యూ ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌కి నకలు తీసి, దాచుకున్న హెడర్ బ్యాకప్‌ని ఆ డిస్క్ నకలు మీదే తిరిగి రాయాలి. ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్‌తో పాటే, ఇక ఈ డేటా అక్కర్లేదని డిస్క్‌కి చెప్పే ట్రిమ్ ఆదేశం వెళ్లి ఉండొచ్చు. అప్పుడు హెడర్ వెనక్కి వచ్చినా దాని వెనక ఫైళ్లు మిగలవు.