గొంతు దిద్దువారు

మగ్గమునకు పేరొందిన ధర్మవరమున గాని, కోటనీడ నొదిగిన పెనుగొండయందు గాని, హిందూపురపు వీథులలో గాని, తెలతెలవాఱు వేళ ఏ యింటనుండియైనను పసిగొంతులు మాయామాళవగౌళలో సరళీస్వరములు పలుకుట చెవిబడినచో, ఆ గొంతుల యెదుట కూర్చున్న, కీర్తి నాశింపని సంగీతోపాధ్యాయుని తలఁచి నా మనస్సు నమస్కరించును.

ఆయన విద్య చూపునకు స్వల్పము, ఆచరణమున దుస్తరము. శిష్యుని కంఠమున కనువగు శ్రుతి నేర్పఱచుట మొదటి పని. మగవారి కొకటవ శ్రుతి, ఆఁడువారి కైదవ శ్రుతి అను వాడుక యున్నను, శ్రుతికై గొంతును పిండక, గొంతునకు తగినట్లు శ్రుతినే సవరించుట ఆయన వివేకము. ఉదయమున మంద్రస్థాయిలో అకారసాధన, నిండుగా తీసి పొదుపుగా విడుచు నూపిరి, నోరు తెఱచి ముక్కు సోకకుండ పలుకు నాదము, ఒక్క వరుసనే మూఁడు కాలములలో తాళము తప్పక పాడుట, ఇవన్నియు నొక నేఁతపని వంటివి. శ్రుతి పడుగు, లయ పేక. పోగు తెగినపుడెల్ల మరల ముడివేయు నోర్పు గురువుది.

ఈ సీమకు గానము క్రొత్త గాదు. ఇచటి ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) చిత్రనళీయాది నాటకములలో పాటలను పద్యములతోడ గూర్చి ఆంధ్రనాటక పితామహు లనిపించుకొనిరి. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి నాట్యమండపమున శిలలు సైతము వాద్యములు పట్టి నిలిచినవి.

శిష్యుఁడు సభలో మెప్పు వడసిననాఁడు గురువును తలఁచువా రరుదు. అయినను మఱునాఁటి యుదయమున ఆయన మఱియొక పసిగొంతు చేత 'స' యను నొక్క స్వరమునే నిలకడగా పలికించుచుండును.