ఎక్కడిదాకా వచ్చి ఆగిపోనాది?

లాప్‌టాప్ బల్ల మీద పెట్టగానే పరవాడలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు అడిగే మొదటి మాట ఒకటే: "ఎక్కడిదాకా వచ్చి ఆగిపోనాది మేస్టారూ?" విండోస్ ఎక్కడం లేదంటే అతనికి సరిపోదు. కంపెనీ గుర్తు కనబడిందా, భాష ఎంచుకోమని అడిగిందా, డిస్కు చూపించిందా, ఫైళ్ళు కాపీ అవుతూ మధ్యలో చతికిలబడిందా? ఇవన్నీ చెప్పాలి. వచ్చినవాళ్ళు విసుక్కుంటారు. అదంతా తెలిస్తే నీ దగ్గరికెందుకు వస్తామంటారు. నాకైతే అతని పనితనంలో ముప్పాతిక ఆ ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది.

పరవాడ 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, జనం రాకపోకలు గాజువాక, విశాఖపట్నం వైపే. ఒక పక్క రెండు వేల మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం, ఇంకో పక్క జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ. అంచేత బల్ల మీదికి వచ్చే సిస్టమ్‌లూ రకరకాలే. ఇంజనీరింగ్ చదివే పిల్లల కొత్త లాప్‌టాప్‌లు, షిఫ్టు ఉద్యోగుల ఇళ్ళలోని పాత డెస్క్‌టాప్‌లు, విండోస్ 11కి అర్హత లేదని తేలినవి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది కాబట్టి ఈ చివరి రకం ఎందుకు వస్తోందో చెప్పక్కర్లేదు. డీవీడీ డ్రైవులు పోయాయి. ఏది ఎక్కించాలన్నా పెన్‌డ్రైవే దిక్కు.

ఆ పెన్‌డ్రైవ్‌ను చదివేది ఒక్కరు కాదు. స్విచ్ వెయ్యగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ చదువుతుంది. అది బూట్‌లోడర్‌ను లేపుతుంది. బూట్‌లోడర్ విండోస్ సెటప్‌నో లినక్స్ కెర్నెల్‌నో మెమొరీలోకి తెస్తుంది. అక్కడితో ఫర్మ్‌వేర్ పక్కకు తప్పుకుంటుంది. కొత్తగా వచ్చిన కెర్నెల్ తన సొంత డ్రైవర్లతో అదే పెన్‌డ్రైవ్‌ను మళ్ళీ వెతుక్కోవాలి. చిక్కంతా చదివేవాళ్ళు మారే ఈ మలుపుల్లోనే వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో తెలిస్తే ఏ మలుపులో తప్పిందో తెలిసినట్టే.

దీనికి విండోస్ 7 కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. మందుల కంపెనీల ల్యాబుల్లో పరీక్ష యంత్రాలకు తగిలించిన కంప్యూటర్ల మీద ఓఎస్‌ను ఇష్టమొచ్చినప్పుడు మార్చడానికి వీల్లేదు. యంత్రం, దాని సాఫ్ట్‌వేర్, ఓఎస్ మూడూ కలిపి సరిగ్గా పనిచేస్తున్నాయని రాతపూర్వకంగా రుజువు చేసి ఉంటారు. ఒకటి మారితే రుజువు మళ్ళీ మొదలు. అలా పాత విండోస్ చాలాకాలం బతికింది. దాన్ని కాస్త కొత్త మదర్‌బోర్డు మీద ఎక్కించబోతే సెటప్ చక్కగా మొదలయ్యేది, తర్వాత 'సీడీ/డీవీడీ డ్రైవర్ దొరకలేదు' అనేది. సీడీ ఊసే లేదు కదా అని జనం తికమకపడేవారు. జరిగేది ఇది: మొదటి భాగం ఫర్మ్‌వేర్ నడిపిస్తుంది, దానికి యూఎస్‌బీ 3 పోర్టు తెలుసు. విండోస్ 7 కెర్నెల్ లేచాక దానికి ఆ పోర్టు డ్రైవర్ లేదు. డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెడదామా అంటే పెన్‌డ్రైవే కనబడదు. తాళంచెవి లోపల పెట్టి ఇంటికి తాళం వేసినట్టు. తెలిసినవాళ్ళు నల్లని యూఎస్‌బీ 2 పోర్టు ఉంటే అందులోకి మార్చేవారు, లేదా డ్రైవర్‌ను ముందే సెటప్ ఫైళ్ళలో కలిపేసేవారు. తెలియనివాళ్ళు పెన్‌డ్రైవ్ మీద పెన్‌డ్రైవ్ కొనేవారు.

ఇక ఇప్పటి సిస్టమ్‌లు. వీటి ఫర్మ్‌వేర్ యూఈఎఫ్‌ఐ. అది పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్‌ఐ ఫోల్డర్, అందులో బూట్ ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు ఉందా అని చూస్తుంది. ఉంటే నడుపుతుంది, లేకపోతే పెన్‌డ్రైవ్‌ను పట్టించుకోదు. అయితే ఆ ఫోల్డర్లను చదవడానికి ఫర్మ్‌వేర్‌కు తప్పనిసరిగా రావలసింది ఫైళ్ళను అమర్చే పద్ధతుల్లో ఫ్యాట్ ఒక్కటే. ఎన్‌టీఎఫ్‌ఎస్ వస్తే వచ్చినట్టు, చాలావాటికి రాదు. ఫ్యాట్32లోనేమో ఒక ఫైలు నాలుగు గిగాబైట్లు దాటకూడదు. విండోస్ ఐఎస్‌ఓలో, అంటే ఇన్‌స్టాల్ డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా మూటగట్టినదానిలో, ఇన్‌స్టాల్.విమ్ అనే ఫైలు ఆ గీత దాటేస్తుంది. ఫ్యాట్‌లో పెడితే ఫైలు పట్టదు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెడితే ఫర్మ్‌వేర్ చదవదు. చేత్తో ఫైళ్ళు కాపీ చేసి బూటబుల్ చేద్దామనుకున్న ప్రతివాడూ ఈ గోడకే గుద్దుకుంటాడు. మైక్రోసాఫ్ట్ తన సొంత టూల్‌లో ఆ ఫైలును ఇంకా గట్టిగా కుదించి గీత లోపల ఉంచుతుంది. అదీ ఒక దారే.

నాకు ముచ్చటేసేది రూఫస్ దారి. ఐర్లండ్‌లో ఉండే పీట్ బటార్ 2011లో విడుదల చేసిన ఉచిత ప్రోగ్రాం అది. కొద్ది మెగాబైట్లే, ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది. తెర చూస్తే ఆర్భాటం ఏమీ లేదు: పై నుంచి కిందికి కొన్ని పెట్టెలు, చివర స్టార్ట్ బటన్. ఐఎస్‌ఓను ఎంచుకోగానే లోపల తొంగి చూసి, నాలుగు గిగాబైట్లు దాటిన ఫైలు ఉందో లేదో అదే కనిపెడుతుంది. ఉంటే పెన్‌డ్రైవ్‌ను రెండు పార్టిషన్లు చేస్తుంది. పెద్దది ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫైళ్ళన్నీ అందులో. చివర్లో ఒక్క మెగాబైటు పాటి ఫ్యాట్ ముక్క. ఫర్మ్‌వేర్ పెద్దదాన్ని చదవలేక ఈ చిన్న ముక్కలోకి వస్తుంది. అక్కడ చిన్న బూట్‌లోడరూ, ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం నేర్పే డ్రైవరూ ఉంటాయి. ఆ బూట్‌లోడర్ డ్రైవర్‌ను ఫర్మ్‌వేర్‌కు తగిలించి, ఇప్పుడు చదవగలిగిన పెద్ద పార్టిషన్‌లోని అసలు బూట్ ఫైలును నడిపేసి తన పని అయిందనిపించుకుంటుంది. ఫర్మ్‌వేర్‌ను మార్చలేదు, విండోస్ ఫైళ్ళను ముట్టుకోలేదు. తెలియని చదువు ఫర్మ్‌వేర్‌కు అప్పటికప్పుడు నేర్పారు, అంతే.

ఆ ముక్క చివరే ఎందుకుంది? దానికీ కారణం ఉంది. విండోస్ చాలా ఏళ్ళపాటు పెన్‌డ్రైవ్‌లో మొదటి పార్టిషన్‌నే చూపించేది. చిన్న ముక్కను ముందు పెడితే కొన్నవాడికి తన పెన్‌డ్రైవ్ ఒక్క మెగాబైటుగా కనబడి గుండె జారేది. ఇంకో చిక్కు లైసెన్సుది. మొదట వాడిన డ్రైవర్ గ్రబ్ అనే బూట్‌లోడర్ కోడ్ నుంచి వచ్చింది, దానిది జీపీఎల్ మూడో వెర్షన్. సంతకం లేని బూట్ ఫైలును నడవనివ్వని ఫర్మ్‌వేర్ కాపలా సెక్యూర్ బూట్; ఆ లైసెన్సు ఉన్న కోడ్‌కు మైక్రోసాఫ్ట్ దాని సంతకం పెట్టదు. అందుకని అప్పట్లో సెక్యూర్ బూట్ ఆపి ఇన్‌స్టాల్ చేసుకొమ్మని చెప్పాల్సి వచ్చేది. 2021లో బటార్ ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ఆధారంగా వేరే డ్రైవర్‌కు మారారు, సంతకం పడింది. ఒక్క మెగాబైటు కోసం ఇంత తిప్పలు! వాడేవాళ్ళలో ఎక్కువమందికి అది ఉందనే తెలియదు.

లినక్స్ వైపు ఇంకో అందం ఉంది. పాత డెస్క్‌టాప్‌కు విండోస్ 11 వద్దనుకుంటే మన కుర్రాడు లినక్సే వేస్తాడు. తెలుగులో మెనూలు కావాలనేవాళ్ళకు హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు డెస్క్‌టాప్ తెచ్చిందని కూడా చెబుతాడు. లినక్స్ ఐఎస్‌ఓ చాలావరకు సీడీకీ పెన్‌డ్రైవ్‌కూ ఒకే ఫైలు. అదెలా కుదిరింది? 1988 నాటి సీడీ ప్రమాణం మొదటి 16 సెక్టార్లను, అంటే 32,768 బైట్లను, వాడకుండా వదిలేసింది. పాతరకం ఫర్మ్‌వేర్ అయిన బయోస్ పెన్‌డ్రైవ్‌ను చదివేటప్పుడేమో మొట్టమొదటి 512 బైట్లే చూస్తుంది. సిస్‌లినక్స్ బూట్‌లోడర్ రాసిన హెచ్. పీటర్ ఆన్విన్ ఐసోహైబ్రిడ్ అనే పద్ధతితో ఆ ఖాళీ జాగాలోనే పెన్‌డ్రైవ్‌కు కావలసిన బూట్ కోడ్ పెట్టేశారు. సీడీ డ్రైవుకు అది కనబడదు, బయోస్‌కు అదొక్కటే కనబడుతుంది. ఇలాంటి ఐఎస్‌ఓను ఉన్నదున్నట్టు రాసేస్తే, తర్వాత విండోస్‌లో పెడితే ఫార్మాట్ చెయ్యమని అడగవచ్చు, సైజు తక్కువ చూపించవచ్చు. పెన్‌డ్రైవ్ పోయిందనుకుని పారేసేవాళ్ళున్నారు. విండోస్‌లోని డిస్క్‌పార్ట్‌లో ఆ పెన్‌డ్రైవ్‌నే ఎంచుకుని క్లీన్ అని కొట్టి, కొత్త పార్టిషన్ చేసి ఫార్మాట్ చేస్తే మామూలైపోతుంది.

వెంటాయ్ అనే ఇంకో టూల్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ కూడా ఈ కుర్రాడి జేబులో ఉంటుంది. ఐఎస్‌ఓలను పాటల్లా కాపీ చేసుకుంటే చాలు, మెనూలో వరసగా కనబడతాయి. సెక్యూర్ బూట్ ఉన్న సిస్టమ్‌లో మొదటిసారి కీ నమోదు చెయ్యమనే తెర వస్తుంది, కొత్తవాళ్ళు అక్కడ బెదిరిపోతారు. ఉపయోగం మాట కాదనను గానీ నా మనసు రూఫస్ దగ్గరే.

డిస్కు కనబడని కేసు అతనికి వేళ్ళ కొసన ఉంటుంది. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా లాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు స్టోరేజ్‌కీ విండోస్‌కీ మధ్య నిలబడుతుంది. సెటప్ దగ్గర దాని డ్రైవర్ లేకపోతే ఎస్‌ఎస్‌డీ ఎంత బాగున్నా జాబితా ఖాళీ. జనం ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుంటారు. కుర్రాడు ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను విప్పి పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఎప్పుడూ ఉంచుతాడు. 'లోడ్ డ్రైవర్' నొక్కి దాన్ని చూపిస్తే డిస్కు ప్రత్యక్షం. బయోస్‌లో వీఎండీని ఆపేసినా కనబడుతుంది, కానీ పాత విండోస్ ఇంకా డిస్కులో ఉంటే అది లేవకపోవచ్చు. అందుకే బయోస్‌లో చెయ్యి పెట్టే ముందు ఇంకో మాట అడుగుతాడు: "మీ బిట్‌లాకర్ కీ ఉందా?" బిట్‌లాకర్ డిస్కుకు తాళం వేసి ఉంటే, సెక్యూర్ బూట్ లాంటివి మారినప్పుడు విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే ఫొటోలూ కాగితాలూ లోపలే ఉండిపోతాయి.

కాపీ మధ్యలో 0x80070570 అని ఆగితే మాత్రం అతను మాట్లాడడు. ఫైలు చెడిందని దాని అర్థం, ఎక్కడ చెడిందో చెప్పదు. ఐఎస్‌ఓ డౌన్‌లోడ్‌లో చెడి ఉండొచ్చు, పెన్‌డ్రైవ్ చెడి ఉండొచ్చు, ర్యామ్ కూడా కావచ్చు. ముందు విండోస్‌లోని సర్ట్‌యుటిల్‌తో ఐఎస్‌ఓకు వేలిముద్ర లాంటి షా-256 విలువ తీసి కంపెనీ ప్రకటించినదానితో పోలుస్తాడు. కలిస్తే పెన్‌డ్రైవ్ వంతు. పైన 128 అని ముద్రించి లోపల ఎనిమిది గిగాబైట్లే ఉన్న నకిలీలు మార్కెట్లో తిరుగుతాయి. కంట్రోలర్ చిప్పే పెద్ద సైజు ఉందని అబద్ధం చెబుతుంది, పట్టనిదంతా గాలిలో కలుస్తుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ మొత్తం నింపి మళ్ళీ చదివి ఆ బండారం బయటపెడుతుంది. గంటలు పడుతుంది. పట్టనిస్తాడు. అదీ బాగుంటే ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌కు అప్పగించి టీకి వెళ్ళిపోతాడు.

అన్నీ కుదిరి ఫైళ్ళు ఎక్కాక సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. ఆ క్షణంలో అతని చెయ్యి పెన్‌డ్రైవ్ మీదే ఉంటుంది. బూట్ వరసలో అదే మొదట ఉన్న సిస్టమ్‌లో దాన్ని తియ్యకపోతే సెటప్ మళ్ళీ భాష ఎంచుకోమని అడుగుతుంది, కొత్తవాళ్ళు మళ్ళీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోతారు. తెర నల్లబడగానే అతను పెన్‌డ్రైవ్ లాగేస్తాడు. పక్కనున్న ఇంకో లాప్‌టాప్‌లోకి గుచ్చి, దాని ఓనరు వైపు తిరిగి అడుగుతాడు: "ఇదెక్కడ ఆగిపోనాది?"